గాలి లేవకముందే

ఇటు రండి. టార్చి మీరు పట్టుకోండి, నా రెండు చేతులకీ పనుంది. చెప్పులు మాత్రం విడవద్దు. రాకర్ కవర్ తాలూకు గిన్నె వాషర్ ఒకటి ఈ నేలమీదే ఎక్కడో పడింది. వారం నుంచీ వెతుకుతున్నాను.

టైము అయిదూ నలభై. ఇంత పొద్దున్నే లేపినందుకు ఏమీ అనుకోకండి, ఏడు దాటితే గాలి లేస్తుంది. అనంతపురం ఆషాఢం గాలి చూడనివాళ్లకి చెప్పి ఒప్పించడం కష్టం. రేకులు మోగుతాయి, గడియపెట్టని తలుపులు కొట్టుకుంటాయి, సముద్రం మొహం చూడని ఈ వేపచెట్టు పగలంతా సముద్రంలా హోరు పెడుతుంది. రామగిరి కొండలమీద గాలిమరలు పాతింది ఈ గాలిని నమ్ముకునే. కరెంటు ఇస్తుంది గానీ వాన మాత్రం తేదు. మబ్బును మోసుకొచ్చి, చూపించి, తోలుకుపోతుంది. ఆ హోరులో ఇంజన్ లోపలి చిన్న చప్పుడు వినబడదు. వినేదేదో ఇప్పుడే వినాలి.

మనం ఉన్నది బుక్కరాయసముద్రం. చెరువుకి ఆ పక్క అనంతపురం, ఈ పక్క మేము. బండి అంబాసిడర్, మా నాయన వదిలిపోయింది. కలకత్తా పక్కన ఉత్తర్‌పారాలో 2014 మేలో ఆ ఫ్యాక్టరీ మూతపడినప్పుడు నాయన ఒక పూట అన్నం మానేశాడు. దీని రూపం మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌ది, గుండె కూడా ఇంగ్లండు నుంచి వచ్చిందే: 1489 సీసీ, నాలుగు సిలిండర్లు, ఎనిమిది వాల్వులు, ఇనుప దిమ్మ. లోపల ఏం జరిగినా బయటికి వినిపించే రకం. దాచుకోవడం తెలియని ఇంజన్.

తాళం తిప్పుతున్నాను, వినండి.

ముందు స్టార్టర్ మూలుగు. తర్వాత నాలుగూ అందుకున్నాయి. స్లోలో పెట్టాను. ఆ గుడగుడ ఎప్పుడూ ఉండేదే, దాన్ని వదిలేయండి. ఫ్యాను కోసే గాలి చప్పుడు, అదీ వదిలేయండి. ఆ రెంటి వెనక, పైనుంచి, ఎవరో గోటితో ఇత్తడి చెంబు మీద కొడుతున్నట్టు... టిక్, టిక్, టిక్, టిక్. వినిపించిందా? అదే. నాలుగు రోజులుగా నాకు నిద్ర పట్టనివ్వనిది అదే.

మొన్న బుధవారం గుత్తికి పోతున్నా. హైవే మీద పామిడి దాకా బండి వెన్నలా పోయింది. పెన్న వంతెన ఎక్కాక, కింద ఇసుక తప్ప ఏమీ లేని ఆ వెడల్పాటి ఏటి మీద, అద్దం దించి ఉంది గనక విన్నాను. వంతెన పిట్టగోడకి తగిలి చప్పుడు వెనక్కి వస్తుంది కదా, దాంట్లో ఈ టిక్కు కలిసింది. మొదట రోడ్డు అతుకులనుకున్నా. వంతెన అయిపోయింది, చప్పుడు అయిపోలేదు. అక్కడే పక్కకి ఆపి ఆయిల్ పుల్ల తీసి చూశాను. ఆయిల్ గీత దాకా ఉంది, ఆయిల్ లైటు ఆరే ఉంది. గుత్తి పని మానుకుని, నలభై దాటనివ్వకుండా వెనక్కి తెచ్చుకున్నా. బస్సులన్నీ హారన్ కొట్టి తిట్టుకుంటూ పోయాయి.

బండికి చెయ్యి పెట్టింది నేనే. అంతకు ముందు ఆదివారం. అసలు పని ఒక్కటే, వాటర్ పంపు. మా వైపు మెకానిక్‌లు దాన్ని వాటర్ బాడీ అంటారు. కింది రంధ్రం నుంచి నీళ్లు కారడం మొదలైంది, అంటే లోపలి సీలు అరిగింది. విప్పి చూస్తే నా నేరమే తెల్లగా కనబడింది. ఏళ్లతరబడి రేడియేటర్లో పోసింది మా బోరు నీళ్లు. ఈ నీళ్లు కాగబెడితే బిందె అడుగున సున్నం కట్టినట్టు తెల్లటి పొర వస్తుంది, ఏ ఇంట్లో వేడినీళ్ల కడ్డీ చూసినా అదే పొర. పాతాళం నుంచి రాతి సందుల్లో నానినానీ వచ్చిన నీళ్లు. వాటిలోని కాల్షియం, మెగ్నీషియం వేడి తగలగానే బయటపడి గట్టిపడతాయి. రేడియేటర్ గొట్టాల్లో కట్టింది అదే, ఊడిన పెళుసులు సీలుని గీరిందీ అదే. ఈసారి మాత్రం బ్యాటరీ షాపులో డిస్టిల్డ్ వాటర్ కొని, కూలెంటు కలిపి పోశాను. మనుషులు తాగేది బోరు నీళ్లు, బండి తాగేది సీసా నీళ్లు. మా అమ్మ దీని మీద అన్న మాటలు ఇక్కడ రాయను.

పంపు అయ్యాక అక్కడితో ఆపి ఉండాల్సింది. "ఎలాగూ విప్పాం కదా" అన్నదొకటి ఉంది చూశారూ, ఇంట్లో కూచుని బండి బాగుచేసే ప్రతివాడినీ ముంచేది అదే. ఎలాగూ విప్పాం కదా అని కొత్త ఫ్యాను బెల్టు వేశాను. ప్లగ్గులు తీసి తుడిచి బిగించాను. ఇంకా పొద్దుంది కదా అని రాకర్ కవర్ లేపి ట్యాపెట్లు సెట్ చేశాను. కాబట్టి అనుమానితులు నలుగురు: వాటర్ బాడీ, బెల్టు, ప్లగ్గులు, ట్యాపెట్లు. చివరగా చెయ్యి పడినచోటే మొదట చూడమనేవాడు నాయన. నాలుగు చోట్ల చెయ్యి పెట్టినవాడికి ఆ సలహా అంత సులువుగా పనికిరాదు.

ఇప్పుడు ఇంజన్ ఆపేసి బెల్టు తీసేస్తున్నాను. టార్చి ఇటు కొంచెం. బెల్టు లేకపోతే ఫ్యానూ వాటర్ బాడీ డైనమో మూడూ తిరగవు. ఇంజన్ చల్లగా ఉంది గనక ఒక్క నిమిషం అలా నడిపినా ఏమీ కాదు, అంతకు మించి వద్దు. స్టార్ట్.

టిక్, టిక్, టిక్.

సరే. నలుగురిలో ఇద్దరు, వాటర్ బాడీ, బెల్టు, ఒక్కసారే నిర్దోషులయ్యారు. కొత్త వాటర్ బాడీ డబ్బులు బూడిదలో పోయలేదన్నమాట, అది చాలు నాకు. ఆపేశాను. బెల్టు మళ్లీ ఎక్కిస్తా.

అసలు బేరింగు చప్పుడైతే ఇలా ఉండదు. మీరు ఉరుములవాళ్ల వాద్యం ఎప్పుడైనా దగ్గరగా విన్నారా? మా జిల్లా సొత్తు అది. ఒక ముఖాన్ని పుల్లతో రుద్దితే మూలుగుతుంది, ఇంకో ముఖాన్ని కొడితే పలుకుతుంది. ఇంజన్‌లోనూ అంతే, ఉన్నవి రెండే జాతులు. రుద్దుడు, కొట్టుడు. బేరింగు పాడైతే, బెల్టు మరీ బిగిస్తే రుద్దుడు: గర్రు, కీచు, ఈల. రెండు ఇనుప ముక్కల మధ్య ఉండాల్సినంత కన్నా ఎక్కువ సందు ఉంటే కొట్టుడు. మనది కొట్టుడే. ఇక ఎంత వేగంతో కొడుతోందన్నదే లెక్క.

స్లోలో ఈ ఇంజన్ నిమిషానికి ఆరువందల చుట్లు తిరుగుతోందనుకోండి, సెకనుకి పది. కింద క్రాంకు రెండు చుట్లు తిరిగితే పైన వాల్వులు నడిపే క్యామ్ ఒక్క చుట్టు తిరుగుతుంది. కాబట్టి ఒక్కో వాల్వు సెకనుకి అయిదుసార్లే తెరుచుకుంటుంది. చప్పుడు సెకనుకి పదైతే చెవికి గీతలా వినబడుతుంది. అయిదైతే చుక్కల్లా విడివిడిగా. మళ్లీ స్టార్ట్ చేస్తున్నా, వేలితో మడ్‌గార్డు మీద తాళం వేయండి. వేయగలుగుతున్నారా? అంటే చుక్కలే. కింది బేరింగుల భయం సగం తగ్గింది. సగమే.

"ఏమల్లుడా, పొద్దున్నే బండికి వైద్యమా?"

గోడ అవతలి మామ. ఆర్టీసీ గ్యారేజీలో చేసి రిటైరయిన మనిషి, ఇప్పుడు ఊరి బయట మూడెకరాల చెనిక్కాయ చేను, రెండు బోర్లు, అందులో ఒకటి చచ్చిపోయింది. లుంగీ ఎగగట్టుకుని, చేతిలో వేపపుల్లతో వచ్చేశాడు. బంధుత్వమేం లేదు, పుట్టినప్పటి నుంచీ మామా అంటున్నా, అంతే.

ఆయన బానెట్ దగ్గరికి రాలేదు. మూడడుగుల దూరంలో నిలబడి పళ్లు తోముకుంటూ విన్నాడు. ఇక్కడి రైతుల చెవులు వేరు. బోరులో నీళ్లు దిగిపోతున్నాయని కళ్లకి కనబడకముందే వాళ్లకి మోటారు గొంతులో తెలుస్తుంది. నిండుగా ఎత్తేటప్పటి బరువైన మూలుగు పోయి, తేలికై, పైపు నోట్లో నీళ్లూ గాలీ కలిసి బుస్సుబుస్సుమని ఉమ్ముతుంది. రాత్రి మంచంమీద పడుకుని, అరకిలోమీటరు అవతలి మోటారు గొంతు మారిందని లేచి పరిగెత్తిన మనుషులున్నారు. లేవకపోతే మోటారు కాలిపోతుంది. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా, అదీ పడితే. నైరుతి మబ్బు పడమటి కనుమల మీదే కుమ్మరించుకుని ఖాళీగా వస్తుంది. ఈశాన్యపు మబ్బు తీరం నుంచి ఇంతదూరం వచ్చేసరికి అలిసిపోతుంది. నేలమీద నీళ్లు కనబడనిచోట నేల కింది నీళ్లను చెవితోనే చూసుకోవాలి.

"యాడ మొదలైంది?" అన్నాడు మామ, పుల్ల తీయకుండానే.

"పామిడి కాడ."

"ఇంటికాడ బయల్దేరినప్పుడు లేదా?"

"లేదు మామా. ఆదివారం బిగించినా. సోమ మంగళవారాలు ఊళ్లోనే తిప్పినా. అప్పుడు కూడా లేదు."

ఆయన ఉమ్మి, మూతి తుడుచుకున్నాడు. "అట్లయితే నువ్వు తప్పు పెట్టిండేది కాదప్పా. సరిగ్గానే పెట్టినావు, బిగించల్యా. తప్పు పెట్టింటే ఇంటికాడే అరిచుండు. పోతాపోతా జారింది ఏందో చూడు."

నాలుగు రోజులు పుస్తకం తిరగేసినా నాకు రాని ఆలోచన అది. ఎంతసేపూ ఎక్కడ తప్పు చేశానా అని వెతికాను గానీ, సరిగ్గా చేసి ఎక్కడ వదిలేశానా అని వెతకలేదు.

ప్లగ్గులతో మొదలుపెడదామన్నాడు. ప్లగ్గు సరిగ్గా బిగించకపోతే దాని మెడ పక్కనుంచి గ్యాసు తప్పించుకుంటూ ఇలాగే టిక్కుమంటుంది, కాకపోతే కొంచెం ఊపిరి కలిసిన టిక్కు. ఒక్కో ప్లగ్గు మొదట్లో నాలుగు చుక్కల ఆయిల్ వేశాను. బుడగలొస్తే దొంగ దొరికినట్టే. ఒకటి, రెండు, మూడు, నాలుగు. బుడగ లేదు. సైలెన్సర్ వైపు అతుకు దగ్గర చెయ్యి ఆడించాడు మామ, వేడిగాలి తగల్లేదు.

తర్వాత పరీక్ష కొంచెం జాగ్రత్తగా చెయ్యాలి, మీరు వెనక్కి జరగండి. ఇంజన్ ఆపి ఒక్కో ప్లగ్గు వైరు ఊడదీసి, దాని కొసని ఇంజన్ ఇనుముకి గట్టిగా తగిలించి పెట్టి మళ్లీ నడుపుతున్నా. ఇంజన్ నడుస్తుండగా పీకే మొనగాళ్లు ఉన్నారు, మోచేతి దాకా ఒక్కసారి షాక్ తగిలాక నేను మానుకున్నా. వైరు తీసిన సిలిండర్లో మంట ఉండదు. మంట లేకపోతే పిస్టన్ మీద దెబ్బ ఉండదు. కింద కనెక్టింగ్ రాడ్ బేరింగు పోయి ఉంటే ఆ సిలిండర్ వంతు వచ్చినప్పుడు చప్పుడు తగ్గిపోతుంది. నాలుగూ అయ్యాయి. ఇంజన్ కుంటింది గానీ టిక్కు చెక్కు చెదరలేదు. మిగతా సగం భయం కూడా పోయింది. ఇంజన్ దింపాల్సిన పని లేదు.

ఈ స్క్రూడ్రైవర్ తీసుకోండి, కర్రపిడి, అడుగున్నర పొడుగు. మొన రాకర్ కవర్ మీద ఆనించండి, పిడి చెవిలోకి కాదు, చెవి ముందున్న ఎముకకి ఆనించండి. చొక్కా చెయ్యి ఫ్యాను వైపు పోనివ్వకండి. ఏమైంది? ఉలిక్కిపడ్డారు కదూ! బయట గోటితో చెంబు మీద కొట్టినట్టున్నది లోపల కమ్మరి కొలిమిలా ఉంటుంది. ముందు నుంచి వెనక్కి జరపండి. మూడో సిలిండర్ దగ్గర ఎక్కువ. అవునా? నాకూ అక్కడే ఎక్కువ అనిపించింది. కానీ ఇనుము చప్పుడుని అటూ ఇటూ మోస్తుంది, చెవిని పూర్తిగా నమ్మకూడదు.

అన్నట్టు, పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా వాళ్లు 2019 నుంచి కార్లు చేస్తున్నారు. ఇదే ఎర్రనేల, ఇదే హైవే. ఇప్పటి పెట్రోలు ఇంజన్లకి చెవి లోపలే పెట్టేస్తున్నారు. దిమ్మకి బిగించిన చిన్న సెన్సర్ లోపలి నాకింగుని పసిగట్టి కంప్యూటర్‌కి చెబుతుంది, అది ప్లగ్గు మంటని ఒక వెంట్రుక వెనక్కి జరుపుతుంది. చాలావాటిలో ట్యాపెట్ సందుని ఆయిల్ ఒత్తిడే సర్దుకుంటుంది, మనిషి వేలు పెట్టే పనే లేదు. మంచిదే. నాలాంటివాళ్లకే కొంచెం దిగులు.

ఇక కవర్ తీసేద్దాం. రెండే నట్లు. ఇంజన్ నడుస్తుండగానే తీయచ్చు, స్లోలో ఉంటే నాలుగు ఆయిల్ తుంపర్లు తప్ప ఏం కాదు. చొక్కా పోతే పోతుంది.

చూడండి. ఎప్పుడు చూసినా నాకు ముచ్చటే. ఎనిమిది రాకర్లు, తలలూపుతూ, ఒకటి లేస్తే ఒకటి దిగుతూ, వడ్లు పొడుచుకు తినే పిచ్చుకల్లా. ఒక్కో రాకర్‌కీ వాల్వు కొసకీ మధ్య సందు ఉండాలి. వేడికి ఇనుము సాగుతుంది గనక. పదిహేను థౌ, అంటే మిల్లీమీటరులో మూడోవంతు కన్నా కొంచెం ఎక్కువ. తక్కువైతే వాల్వు పూర్తిగా మూసుకోక కాలిపోతుంది. ఎక్కువైతే చప్పుడు. "ట్యాపెట్ పలకాల, అరవకూడదు" అన్నాడు మామ.

ఈ సందు పెట్టడానికి తొమ్మిది లెక్క ఒకటుంది, నాకు చాలా ఇష్టం. ఏ వాల్వు పూర్తిగా తెరుచుకుని ఉందో దాని నంబరు తొమ్మిదిలోంచి తీసేయండి, వచ్చిన నంబరు వాల్వుని సెట్ చేయండి. ఎనిమిది తెరుచుకుంటే ఒకటి. ఆరు తెరుచుకుంటే మూడు. ముందు హ్యాండిల్ పెట్టి ఇంజన్ని చేత్తో తిప్పుకుంటూ, రాకర్ కొసన ఉన్న స్క్రూని తిప్పి సందు సరిచేసి, స్క్రూ కదలకుండా పట్టుకుని దానిమీది లాక్ నట్టు బిగించాలి. ఒకటి, మూడు, అయిదు, రెండు, ఎనిమిది, ఆరు, నాలుగు, ఏడు. ఆ వరుసలోనే చేశాను. ఒట్టు.

ఫీలర్ గేజి రేకు ఇలా పట్టుకుని, కదులుతున్న రాకర్ కిందికి దూరుస్తున్నా. ఒకటోది. రేకు బిగుతుగా దూరింది, చప్పుడులో తేడా లేదు. రెండు. మూడు. లేదు. నాలుగు, లేదు. మామ దగ్గరికి వంగాడు, వేపపుల్ల చెవి మీద పెట్టుకున్నాడు. అయిదు. లేదు.

ఆరు.

రేకు జారుకుంటూ పోయింది, అడ్డమే లేదు. టిక్కు కొంచెం తగ్గింది. ఇంకో రేకు చేర్చి దూర్చాను.

పోయింది.

విన్నారా? ఒక్కసారిగా చెట్టుమీద కాకులు వినబడ్డాయి. రేకులు తీస్తే టిక్కు. పెడితే కాకులు. తీస్తే టిక్కు. మామ చిన్నపిల్లాడిలా నా చేతిలోంచి రేకులు లాక్కుని తనొకసారి పెట్టి చూశాడు.

ఇంజన్ ఆపి ఆరో నంబరు లాక్ నట్టు మీద వేలు వేశాను. పానా కాదు, వేలు. తిరిగింది. ఆదివారం నుంచీ అది అలా ఊరికే కూచుని ఉంది. దెబ్బదెబ్బకీ స్క్రూ వెంట్రుకవాసి వెనక్కి జరిగింది, పామిడి చేరేసరికి సందు రెట్టింపయింది.

"ఏడు బిగించినావు, ఒకటి ఎట్ల మర్చిపోయినావప్పా?" అన్నాడు మామ. వెక్కిరింపు లేదు, నిజంగానే అడిగాడు. "ఆ యాళకి ఏమైంది?"

ఏమీ గుర్తు రాలేదు. ఎనిమిది గుర్తుంది. నాలుగు గుర్తుంది. మధ్యలో ఆరు లేదు.

అప్పుడే అమ్మ కొళాయి దగ్గర నుంచి కేకేసింది. మా కొళాయి నేలకి రెండడుగుల లోతు గుంటలో ఉంటుంది, పైకి పెడితే నీళ్లు ఎక్కవు గనక. అమ్మ ఆ గుంటని చీపురుతో చిమ్ముతోంది. "ఒరేయ్, ఇదేందో ఇనపది, నీదేనా? ఈడ బురదలో ఉంది."

వాషర్. గిన్నె వాషర్.

ఆదివారం రాకర్ కవర్ విప్పినప్పుడు వాషర్లు చొక్కా జేబులో వేసుకున్నా. ఆరో నంబరు సందు చూసి, స్క్రూ సరిపెట్టి, పానా కోసం చెయ్యి చాపుతుంటే అమ్మ అరిచింది, నీళ్లొచ్చినాయని. మూడు రోజులకొకసారి, వస్తే నలభై నిమిషాలు. పానా అక్కడే పడేసి పరిగెత్తాను. గుంటలోకి వంగి బిందెలు అందించాను, జేబులోది అప్పుడే జారిపడి ఉంటుంది. డ్రమ్ములు నింపి, తడిచేతులు తుడుచుకుని వచ్చి, నేరుగా హ్యాండిల్ తిప్పి నాలుగో నంబరు మొదలుపెట్టాను.

మామకి చెప్పాను. ఆయన చాలాసేపు నవ్వి, చెరువు కట్ట వైపు చెయ్యి చూపించాడు. నీళ్లు ఎక్కువై తెగబోయిన ఆ కట్టని నిలపడానికే ముసలమ్మ ప్రాణమిచ్చిందని మా ఊరి కథ. కట్టమంచి రామలింగారెడ్డి 'ముసలమ్మ మరణం' రాసింది ఆమె మీదే. "అప్పుడు నీళ్లు ఎక్కువై కట్ట జారింది. ఇప్పుడు నీళ్లు తక్కువై నట్టు జారింది" అన్నాడు మామ.

టార్చి ఆపేయండి, వెలుతురొచ్చింది. హ్యాండిల్ తిప్పుతున్నా. మూడో నంబరు పూర్తిగా దిగింది, తొమ్మిదిలోంచి మూడు పోతే ఆరు. పదిహేను థౌ రేకు పెట్టాను. స్క్రూ తిప్పుతున్నా... రేకు లాగితే కొంచెం పట్టుకోవాలి, వెన్నలో కత్తిలా... చాలు. స్క్రూ కదలకుండా పట్టుకున్నా. ఆ రింగు పానా ఇటివ్వండి.

వేపచెట్టు పైకొమ్మ కదిలింది. గాలి లేస్తోంది.

గుంటలోంచి బుస్సుమని గాలి, ఆ వెనకే ఖాళీ బిందె అడుగున మొదటి ధార. "నీళ్లొచ్చినాయి, రారా!"

"ఒక్క నిమిషం మా, నట్టు బిగించి వస్తా!"

"నీళ్లు పోతే నట్టు తాగుతావేమిరా?"